ఫోర్కు మార్చే ముందు చైను కొలవండి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంత వరకు ముందు ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. 2019లో పదిహేనున్నర వేలకు కొన్న మౌంటెన్ సైకిల్. అల్యూమినియం ఫ్రేము, 27.5 అంగుళాల చక్రాలు, ముందు మూడు వెనక ఏడు గేర్లు, కేబులుతో పనిచేసే డిస్కు బ్రేకులు, ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపు తగ్గించే స్ప్రింగు ఫోర్కు. వారానికి మూడు రోజులు విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి రోడ్డు, ఆదివారం కైలాసగిరి కొండ, ఈ మధ్య మిత్రులతో కలిసి మట్టి బాటలు. ఎక్కేటప్పుడు చైను జారుతోంది, దిగేటప్పుడు బ్రేకు పట్టడం లేదు, ముందు భాగంలో ‘టక్’ మని శబ్దం వస్తోంది. చేతిలో పాతిక వేలున్నాయి. ఆఫీసు మిత్రుడేమో స్ప్రింగు బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు, కేబులు బదులు నూనెతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, ముందు ఒకే పళ్లచక్రం పెట్టించమంటున్నారు. మీ బావగారేమో దాన్ని అమ్మేసి, ఇంకో పాతిక వేలు కలిపి కొత్తది కొనమంటున్నారు.

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. మీరు చెప్పిన మూడు బాధల్లో రెండు సైకిల్ చవకదైనందువల్ల వచ్చినవి కావు, ఆరేళ్లుగా సరైన సర్వీసింగు లేక వచ్చినవి. యాభై వేల సైకిలైనా విశాఖ ఉప్పుగాలిలో ఆరేళ్లు అలాగే తిరిగితే ఇవే బాధలు పెడుతుంది. అరిగిన సైకిల్‌కూ తక్కువ రకం సైకిల్‌కూ తేడా తెలియకుండా డబ్బు తీస్తే ఎటు పెట్టినా దండగే.

చైనుతో మొదలుపెడదాం. మీ ఇంట్లో పిల్లల జామెట్రీ బాక్సులోది కాకుండా, 12 అంగుళాలు దాటిన స్టీలు స్కేలు ఒకటి తీసుకోండి. చైను కింది వరస కాకుండా పైవరస, బిగుతుగా ఉన్నచోట, ఒక పిన్ను నడిమి బిందువు మీద స్కేలు సున్నా గీతను పెట్టండి. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం. కాబట్టి కొత్త చైనులో ఆ పిన్నును వదిలి లెక్కపెడితే 24వ పిన్ను నడిమి బిందువు ఖచ్చితంగా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. మీ చైనులో ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోయి ఉంటే చైను ఒక్కటి మారిస్తే చాలు. ఎనిమిదో వంతు, అంటే దాదాపు మూడు మిల్లీమీటర్లు పోయి ఉంటే వెనక పళ్లచక్రాలు కూడా ఆ సాగిన చైనుకు తగ్గట్టు అరిగిపోయినట్లే. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే జారడం ఇంకా ఎక్కువవుతుంది. ‘కొత్త చైను వేయించినా జారుతోంది, సైకిల్ పని అయిపోయింది’ అని చాలామంది నిర్ణయానికి వచ్చేది ఇక్కడే. ఏడు గేర్ల చైను, ఫ్రీవీలు (వెనక పళ్లచక్రాల గుత్తి) రెండూ కలిపినా రెండు వేల లోపే అవుతాయి. మీది ఎనిమిదో వంతు దాటి ఉంటుందని నా అనుమానం.

బ్రేకు సంగతి. మీ తరహా కేబులు డిస్కు బ్రేకుల్లో ఒక వైపు బ్రేకు బిళ్ల (ప్యాడు) మాత్రమే కదులుతుంది. రెండోది, చువ్వల వైపు ఉండేది, కదలదు. కదిలే బిళ్ల డిస్కును వంచి, కదలని బిళ్లకు అదిమితే చక్రం ఆగుతుంది. కదలని బిళ్ల అరిగిన కొద్దీ డిస్కు ఎక్కువ దూరం వంగాలి, లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. మనవాళ్లు చేసేదేమిటంటే కేబులు బిగిస్తారు. దానివల్ల క్యాలిపర్ (బిళ్లలు ఉండే పెట్టె) మీది చేయి సగం తిరిగి ఉన్న స్థితిలోనే పని మొదలుపెడుతుంది, అదిమే బలం ఇంకా తగ్గిపోతుంది. చేయవలసినది వేరు. కేబులు వదులు చేసి ఆ చేయిని మొదటి స్థానానికి రానివ్వాలి. తర్వాత చువ్వల సందులోంచి అలెన్ కీ పెట్టి కదలని బిళ్లను డిస్కుకు దగ్గరగా, మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండేలా తిప్పాలి. ఆ తర్వాతే కేబులు. చాలా మోడళ్లలో ఈ వీలు ఉంటుంది. బిళ్లలు మెరుస్తూ గాజులా కనిపిస్తే, లేదా చైనుకు కొట్టిన స్ప్రే నూనె డిస్కు మీద పడి ఉంటే, కొత్తవి వేయించండి. కేబులు, దాని తొడుగు కూడా మార్పించండి. సముద్రం ఒడ్డున తిరిగే సైకిల్‌లో తొడుగు లోపల తుప్పు పట్టి ఉంటుంది, మీ వేళ్ల బలంలో సగం ఆ తుప్పే తినేస్తుంది.

ఇక ఆ ‘టక్’. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లను హ్యాండిలు గొట్టం (ఫ్రేములో ఫోర్కు కాడ దూరే గొట్టం) కింది అంచు చుట్టూ వేసి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. కదలిక ఆ అంచు దగ్గరే వేళ్లకు తగిలితే హెడ్‌సెట్, అంటే హ్యాండిలు తిరిగే చోటి బేరింగుల జత, వదులైంది. పది నిమిషాల పని, గ్రీజు పెట్టి బిగిస్తే పోతుంది. అక్కడ ఏమీ లేక, ఫోర్కులో మెరిసే పై గొట్టానికీ కింది కాలికీ మధ్య ఆట తెలుస్తుంటే లోపలి బుష్‌లు అరిగాయి. ఈ తరగతి ఫోర్కుకు ఆ మరమ్మతు చేయించడం దండగ. ఇది మీ మూడో బాధ, నిజంగా సైకిల్ తరగతికి సంబంధించినది ఇదొక్కటే.

ఇక్కడికి ఖర్చు నాలుగైదు వేలు దాటదు. మీ మిత్రుడు చెప్పిన మార్పులకు ఇప్పుడు వద్దాం. నేను ఆయన మాట కొట్టిపారేయడం లేదు. పన్నెండేళ్ల కిందట నేనూ అచ్చంగా అదే చేశాను.

అప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాడిని. 26 అంగుళాల చక్రాల సైకిల్, పదమూడు వేలది. నెలకోసారి వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలకు వెళ్లి ఆ ఎర్రమట్టి బాటల్లో తిరగడం. ముందు ఫోర్కు గట్టిగా ఉందని పదకొండు వేలు పెట్టి కొత్తది వేయించాను. బాగుంది. బాగున్నందువల్ల ఇంకాస్త వేగంగా దిగడం మొదలుపెట్టాను. రెండో నెలలో ఒక ఎక్కుడు దగ్గర లేచి నిలబడి తొక్కుతుంటే వెనక చక్రం ఒక పక్కకు ఒరిగి ఫ్రేముకు రాసుకుంది. బిగించి మళ్లీ తొక్కితే మళ్లీ అంతే. ఇంటికి వచ్చి చక్రం విప్పి, దాన్ని ఫ్రేముకు బిగించే క్విక్ రిలీజ్ కడ్డీ లాగితే హబ్బులోని (చక్రం నడిమి భాగంలోని) ఇరుసు రెండు ముక్కలై బయటికి వచ్చింది. అంతదూరం ఆ సన్నటి కడ్డీయే దాన్ని పట్టి ఉంచింది.

కారణం తర్వాత తెలిసింది. చవక సైకిళ్ల వెనక చక్రంలో పళ్లచక్రాల గుత్తి మర మీద బిగించే ఫ్రీవీలు. అది హబ్బు బయట కూర్చుంటుంది కాబట్టి ఆ వైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బేరింగుకూ ఫ్రేముకూ మధ్య ఇరుసు ఏ ఆధారమూ లేకుండా చాలా పొడుగు వేలాడుతుంది. గుంతల్లో దెబ్బలన్నీ పడేది ఆ పొడుగు మీదే. క్యాసెట్ రకం హబ్బులో (పళ్లచక్రాలు మర మీద కాకుండా హబ్బులో భాగమైన ముక్క మీదికి దూరేది) బేరింగు చివరి దాకా ఉంటుంది, అందుకే అవి ఇలా విరగడం అరుదు.

సరే, క్యాసెట్ చక్రం కొన్నాను, ఐదున్నర వేలు. చక్రం మారాక పాత ఏడు గేర్లు ఎందుకని తొమ్మిది గేర్ల సామాను, ఏడు వేలు. తర్వాత హైడ్రాలిక్ బ్రేకులు, ఐదున్నర. మొత్తం ఇరవై తొమ్మిది వేలు. పదమూడు వేల సైకిల్ మీద. ఏడాదిన్నర తర్వాత అమ్మితే ఎనిమిది వేలు వచ్చింది, కొన్నవాడు ఫోర్కు ఏ కంపెనీదో కూడా అడగలేదు. ఆ లెక్కలు రాసిన నోట్‌బుక్కు మా ఆవిడ ఇప్పటికీ దాచి ఉంచింది, నేను ఏదైనా కొంటానన్నప్పుడల్లా బయటికి తీస్తుంది.

అందుకని మీ సైకిల్‌కు ఆ మూడు మార్పులు విడివిడిగా ఎలా కూర్చుంటాయో చూద్దాం.

ఎయిర్ ఫోర్కు మీద నాకున్న అభ్యంతరం ధర ఒక్కటే కాదు. మీ ఫ్రేములో ఫోర్కు దూరే గొట్టం చాలావరకు పై నుంచి కింది దాకా ఒకే మందం, 28.6 మిల్లీమీటర్ల కాడకు సరిపడేది. ఇప్పుడు వచ్చే మంచి ఫోర్కుల్లో ఎక్కువ భాగం కాడ కింద లావు, పైన సన్నం. వాటి చక్రపు ఇరుసు 15 మిల్లీమీటర్లది, మీ ముందు హబ్బు వాటికి పట్టదు. అంటే ఫోర్కుతో పాటు ముందు చక్రం కూడా కొనాలి. ఒకే మందం కాడతో, పాత తరహా ఇరుసుతో వచ్చే ఎయిర్ ఫోర్కులు లేవని కాదు. సన్‌టూర్, రాక్‌షాక్స్ రెండూ అలాంటివి చేశాయి. దొరికితే 100 మిల్లీమీటర్ల కదలికకు మించి తీసుకోవద్దు. ఇలాంటి ఫ్రేములను 80 లేదా 100కు గీస్తారు. 130ది వేస్తే ముందు భాగం లేచిపోతుంది, ఎక్కుడులో ముందు చక్రం నేల వదులుతుంది, హ్యాండిలు గొట్టం దగ్గరి వెల్డింగు మీద అదనపు గుంజుడు పడుతుంది. పెద్ద ఫోర్కు చూసి సైకిల్ బలపడిందనుకోవడం వాపును చూసి బలుపనుకోవడమే.

పైగా, అసలు రెండు టైర్ల గాలీ చూశారా? మన దగ్గర షాపులో గాలి కొట్టమంటే రాయిలా అయ్యేదాకా కొడతారు. మీ బరువు 70 కిలోలన్నారు. 2.1 అంగుళాల టైరుకు, ట్యూబుతో, మట్టి బాటలో 30 నుంచి 35 పీఎస్‌ఐ చాలు. 55తో తిరుగుతూ ఫోర్కు గట్టిగా ఉందని తిట్టుకునేవాళ్లను ఎంతమందిని చూశానో. గేజీ ఉన్న నేల పంపు ఒకటి కొనుక్కోండి. సైకిల్ మారినా అది మీతోనే ఉంటుంది.

ముందు ఒకే పళ్లచక్రం సంగతిలో కాస్త లెక్క వేద్దాం, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది ఇందులోనే. మీ ముందు పళ్లచక్రాలు 42, 34, 24 పళ్లవి, వెనక ఫ్రీవీలు 14 నుంచి 28 పళ్లది అయి ఉంటుంది, ఈ తరగతిలో చాలా వాటికి అదే. అన్నిటికంటే తేలిక గేరులో 24ను 28తో భాగిస్తే 0.86. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం 0.86 చుట్టు తిరుగుతుందన్నమాట. మీ మిత్రుడు చెప్పే అమరిక ముందు 32, వెనక 11 నుంచి 46, తొమ్మిది గేర్లు. తేలిక గేరు 32 బై 46, అంటే 0.70. కైలాసగిరి ఎక్కడానికి ఈ తేడా కాళ్లకు బాగా తెలుస్తుంది, కాదనను. కానీ ఇందుకు క్యాసెట్ చక్రం, కొత్త డీరైల్యూరు (చైనును పళ్లచక్రాల మీద జరిపేది), షిఫ్టరు (గేరు మార్చే మీట), క్యాసెట్, చైను, ముందు పళ్లచక్రం అన్నీ కావాలి. అదే మీ పాత హబ్బు మీద 14 నుంచి 34 పళ్ల ఫ్రీవీలు వేస్తే? 24 బై 34, అంటే 0.706. పల్లంలో ఎక్కువ వేగపు గేరు ఇటు 42 బై 14, సరిగ్గా 3. అటు 32 బై 11, అంటే 2.9. రెండు కొసల్లోనూ దాదాపు ఒకటే! మీరు ఎటూ ఫ్రీవీలు మార్చబోతున్నారు కాబట్టి దీనికి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ.

లోపం లేదని అనను. ఆ ఫ్రీవీలులో పళ్లు 14, 16, 18, 20, 22, 24, ఆ తర్వాత ఒక్కసారిగా 34. చివరి గేరు పడగానే కాళ్లు గాలిలో తిరిగినట్లుంటుంది. డీరైల్యూరు 34 పళ్లను అందుకునే పొడుగు చేయి రకమై ఉండాలి, దాని వెనక ఉన్న మోడలు నంబరు చూసి షాపులో అడగండి. చైను కూడా కొన్ని లింకులు పొడుగు కావాలి. ఒకే పళ్లచక్రంలో నిజమైన సుఖం గేర్ల విస్తీర్ణం కాదు, గతుకుల్లో చైను ఊడకపోవడం, ఎడమ చేతికి పని తగ్గడం. ఆ సుఖానికి పదిహేను వేలు పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి. నేనైతే ఈ ఫ్రేము మీద పెట్టను.

హైడ్రాలిక్ బ్రేకులు మాత్రం పైన చెప్పిన సర్దుబాటు చేసి చూశాక కూడా తృప్తి లేకపోతే వేయించండి. కైలాసగిరి మలుపుల్లో దిగేటప్పుడు ఒక్క వేలితో ఆపగలగడం పెద్ద ధైర్యం. షిమానో ఎంటీ200 తరగతివి నూనె నింపి సిద్ధంగానే వస్తాయి, మీ 160 మిల్లీమీటర్ల డిస్కులతోనే పనిచేస్తాయి. ఒకే ఒక చిక్కు చూసుకోండి: మీ హ్యాండిలు మీద బ్రేకు లివరు, గేరు షిఫ్టరు ఒకే ముద్దగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? ఒకే ముద్ద అయితే బ్రేకు మార్చాలంటే షిఫ్టర్లు కూడా కొత్తవి కొనాలి. షాపువాళ్లు ఈ మాట బిల్లు వేసే దాకా చెప్పరు.

పెడళ్లు, సీటు, గ్రిప్పులు, లైట్లు, పంపు, హెల్మెట్ లాంటి వాటి మీద ఎంత పెట్టినా బాధ లేదు, రేపు కొత్త సైకిల్ మీదికి అలాగే వెళ్లిపోతాయి. టైర్లు కూడా మంచివి వేయించండి, మీ పాత టైర్ల అంచు గుబ్బలు అరిగిపోయి ఉంటాయి.

ఇంత చెప్పాక, బావగారి మాట ఎప్పుడు నెగ్గుతుందో కూడా చెప్పాలి.

అన్నిటికంటే ముందు, ఫ్రేము కొలత మీకు సరిపోవాలి. గంట తొక్కాక మెడ, అరచేతులు నొప్పి పుడుతున్నాయా, సీటు గొట్టం గరిష్ఠ గీత దాకా లాగాల్సి వస్తోందా? అది ఫ్రేము కొలత తప్పడం వల్లే అయితే దానికి మందు లేదు, ఒక్క రూపాయి కూడా పెట్టకుండా అమ్మేయండి.

రెండోది పగుళ్లు. సైకిల్ శుభ్రంగా కడిగి, ఆరాక, పాత పల్చటి నూలు గుడ్డతో హ్యాండిలు గొట్టం, కింది గొట్టం కలిసే చోట, ఫ్రేములో సీటు గొట్టం దూరే చోటి పై అంచు దగ్గర, పెడళ్ల ఇరుసు చుట్టూ మెల్లగా తుడవండి. కంటికి సరిగా కనపడని పగులు ఉంటే గుడ్డ పోగు పట్టుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేము పగిలితే వీధి చివర వెల్డింగు షాపులో అతికించవద్దు. వేడికి ఆ చోట లోహం మెత్తబడుతుంది, పైకి బాగానే కనిపించి దిగుడులో మోసం చేస్తుంది. ఆ పనిలో పనిగా సీటు గొట్టం బయటికి లాగి చూడండి. సముద్రపు గాలికి అది ఫ్రేములో బిగుసుకుపోవడం మన ఊళ్లో మామూలే. మా అపార్టుమెంటులో ఒకాయనది సుత్తితో కొట్టినా రాలేదు, చివరికి కోసి తీశారు. వస్తే తుడిచి గ్రీజు పూసి పెట్టండి.

మూడోది మీరు వెళ్లదలచిన దారి. మట్టి బాటలు, రాళ్లు కలిసిన దిగుళ్లు అయితే సర్వీసు చేసిన మీ సైకిల్‌కు ఇంకా రెండేళ్ల ఆయువు ఉంది. రాళ్ల మీంచి దూకడం, మెట్లు దిగడం మొదలుపెట్టాలనుకుంటే వద్దు. ఇలాంటి సైకిళ్ల మాన్యువల్‌లోనే దూకించవద్దని రాసి ఉంటుంది, ఎవరూ చదవరంతే.

కొత్తది కొనే రోజు వస్తే, షాపులో కళ్లకు ఎదురుగా వేలాడే డీరైల్యూరు పేరు చూసి పడిపోకండి. బయటికి కనిపించే ఆ ఒక్క సామాను గొప్పది పెట్టి, హబ్బులు, చైను, పెడళ్ల ఇరుసు నాసిరకంవి వేయడం పాత అలవాటే. చూడవలసింది ఫ్రేము: హ్యాండిలు గొట్టం కింద లావుగా ఉందా, వెనక క్యాసెట్ హబ్బు ఉందా, వీలైతే చక్రాలకు క్విక్ రిలీజ్ బదులు ఫ్రేములోంచి దూరి బిగిసే లావు ఇరుసు ఉందా అని. అవి ఉంటే మిగతావన్నీ మెల్లగా మార్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌కు అభ్యంతరం లేకపోతే, 2020 లాక్‌డౌన్‌లో ఉత్సాహంగా కొని బాల్కనీలో పడేసిన సైకిళ్లు ఇంకా అమ్మకానికి వస్తున్నాయి. వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనివి ఉంటాయి. అసలు బిల్లు అడగండి, అందులోని నంబరు ఫ్రేము కింద చెక్కిన నంబరుతో కలుస్తోందో లేదో చూడండి.

మీకు ఈ వారం పని: చైను కొలత, ‘టక్’ మనే చోటు, లివరు షిఫ్టరు ఒకే ముద్దా కాదా, గుడ్డ ఎక్కడైనా పట్టుకుందా. ఈ నాలుగూ రాయండి. చైను పదహారో వంతు లోపే ఉండి కూడా జారుతోందంటే డీరైల్యూరు తగిలించే కొక్కెం వంగి ఉండవచ్చు, వెనక నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.